అచ్చు తప్పిన నాణెం

వస్తువు తయారీలో తప్పు దొర్లితే దాని వెల తగ్గడం లోకసహజం. వంకరపోయిన కుండను కొనేవారుండరు. పోగు తప్పిన చీరను నేతగాడు తక్కువ ధరకే ఇచ్చివేస్తాడు. నాణెం మాత్రం ఈ న్యాయానికి లోబడదు. అచ్చు తప్పిన నాణెం ఒక్కొక్కప్పుడు సరియైన నాణేనికి లక్షల రెట్లు పలుకుతుంది. అట్లని తప్పిన ప్రతి నాణెమూ పలుకదు. పైగా తప్పినట్లు కనబడే నాణేలలో అధికభాగం నిజానికి తప్పినవే కావు.

మన భాషలో నాణెం, నాణ్యం ఒకే ఇంటి మాటలు. పరీక్షకు నిలిచినదే నాణెమని పూర్వులు భావించారనడానికి ఈ చుట్టరికమే సాక్ష్యం. నాణేలను ముద్రించే చోటు టంకశాల. ప్రౌఢదేవరాయల కొలువులో శ్రీనాథునికి దీనార టంకాలతో కనకాభిషేకం జరిగిందని సాహిత్య చరిత్రలో చదువుకుంటాం కదా! ఆ టంకమే ఈ టంకశాలలోనూ ఉంది.

అచ్చు తప్పిన నాణేలలో జగత్ప్రసిద్ధమైనది అమెరికా దేశపు 1943 నాటి రాగి సెంటు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. యుద్ధసామగ్రికి రాగి అత్యవసరం కావడంతో, ఆ యేడు సెంటు నాణేలను జింకు పూత పూసిన ఉక్కుతో ముద్రించాలని ప్రభుత్వం నిర్ణయించింది. నూరు కోట్లకు పైగా తెల్లని ఉక్కు సెంట్లు వెలువడినాయి. అయితే అంతకుముందటి సంవత్సరపు రాగి మిశ్రమ బిళ్లలు కొన్ని టంకశాల తొట్లలో ఎక్కడో ఇరుక్కొని మిగిలిపోయి, ఉక్కు బిళ్లలతో కలిసి యంత్రంలో పడి, 1943 అనే ముద్రతో బయటికి వచ్చాయి. వాటిలో నేటికి లెక్కకు వచ్చినవి దాదాపు 20 మాత్రమే. మరుసటి యేడు రాగి మళ్లీ వాడుకలోకి రాగా ఇదే తప్పు తలక్రిందులుగా జరిగింది. 1944 ముద్రతో కొన్ని ఉక్కు సెంట్లు పుట్టాయి.

1947లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డు పట్టణంలో పదహారేండ్ల విద్యార్థి ఒకడు బడి భోజనశాలలో డబ్బిచ్చి, తిరిగి వచ్చిన చిల్లరలో ఇట్టి సెంటు ఒకటి గమనించాడు. అతని వయస్సు మీ వయస్సే. ఇటువంటి నాణెం తెచ్చినవారికి హెన్రీ ఫోర్డు కొత్త కారు ఇస్తాడని అప్పట్లో ఒక వదంతి ఉండేది. విచారించగా అది కేవలం పుకారని తేలింది. ప్రభుత్వ ఖజానా శాఖకు వ్రాయగా, 1943 సెంట్లన్నీ ఉక్కువేనని సమాధానం వచ్చింది. మరొకడైతే ఆ నాణేన్ని మిఠాయికి ఖర్చుపెట్టి ఉండేవాడు. అతడు మాత్రం దానిని ఏడు దశాబ్దాలు భద్రపరచుకున్నాడు. అతని మరణానంతరం 2019 జనవరిలో అది వేలంలో 2,04,000 డాలర్లకు అమ్ముడయింది. ఆనాటి మారకపు లెక్కలో అది సుమారు ఒక కోటి నలభై లక్షల రూపాయలు. ఆ సొమ్ము ఆ పట్టణపు గ్రంథాలయానికి చేరింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ప్రభుత్వమే కాదన్న నాణేన్ని నిజమైనదని ఎట్లా నిర్ణయిస్తారు? మొదటి సాక్షి అయస్కాంతం. ఉక్కు సెంటుకు రాగి పూత పూసి మోసగించేవారు కోకొల్లలు. అట్టిది అయస్కాంతానికి అతుక్కుంటుంది, అసలుది అతుక్కోదు. రెండవ సాక్షి త్రాసు. రాగి సెంటు 3.11 గ్రాములు, ఉక్కు సెంటు సుమారు 2.7 గ్రాములు తూగుతుంది. ఈ రెండు పరీక్షలూ దాటగల మోసం మరొకటి ఉంది. 1948 నాటి రాగి సెంటులో 8 అంకెను గీకి 3గా మార్చడం! దానిని పట్టించేది భూతద్దం. నిజమైన 1943లో 3 అంకె తోక తక్కిన అంకెల కన్న క్రిందికి దిగి ఉంటుంది. గీకిన అంకెకు ఆ తోక రాదు. ఒక్కొక్క పరీక్షా ఒక్కొక్క మోసాన్నే పట్టిస్తుంది కనుక ఒకదానితో సరిపెట్టుకోరాదు.

నాణెం పుట్టుక తెలియనిదే తప్పు బోధపడదు. ముందుగా లోహపు రేకు నుండి గుండ్రని బిళ్లలను కత్తిరిస్తారు. తరువాత అంచును కాస్త పైకి లేపుతారు. పిదప ఉక్కు వలయంలో బిళ్లను నిలిపి, పైనొకటి క్రిందనొకటి ఉన్న అచ్చుల నడుమ బలంగా అదుముతారు. బొమ్మ, బొరుసు ఒక్కసారే పడతాయి. కత్తిరింపులో పొరపాటు జరిగితే బిళ్ల అంచు కొరికినట్లు ఉంటుంది. బిళ్ల పక్కకు జరిగితే బొమ్మ సగమే పడి మిగిలిన భాగం బోడిగా ఉంటుంది. అచ్చు తిరిగిపోతే, మన రూపాయిని పైనా క్రిందా రెండు వ్రేళ్లతో పట్టి త్రిప్పినప్పుడు ఒక ముఖం నిటారుగానూ రెండవది వాలిపోయీ కనిపిస్తుంది.

అచ్చు పగిలినపుడు జరిగేది మరీ చిత్రం. ఆ పగులులోకి లోహం చొరబడుతుంది కనుక నాణెం మీద ఆ గీత ఉబ్బుగా నిలుస్తుంది. చేతిలో పడ్డాక ఎవరో గీసిన గాటు పల్లంగా ఉంటుంది. ఉబ్బు టంకశాల తప్పు, పల్లం తరచుగా లోకం చేసిన గాయం. రైలు పట్టాల మీద నలిగినవి, సుత్తితో కొట్టినవి, మంటలో నల్లబడినవి గాయపడిన నాణేలే గాని అచ్చు తప్పినవి కావు.

మరికొన్ని తప్పులుగా తోచినా ఉద్దేశపూర్వకంగా చేసినవే. మన నాణేలపై సంవత్సరం క్రింద టంకశాల గుర్తు ఉంటుంది. హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క. కలకత్తా టంకశాలకు గుర్తే లేదు. కనుక గుర్తు లేని రూపాయిని చూచి అపురూపమని మురిసిపోనక్కరలేదు. నిజాం కాలపు చార్మినారు నాణేలలో ద్వారం నడుమ ప్రభువు పేరిటి తొలి అక్షరం ఉంటుంది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనారంభంలో అది పొట్టిగానూ తరువాత పూర్తిగానూ చెక్కబడింది. అది తప్పు కాదు, భేదం. సేకరించేవారు ఆ రెండింటినీ వేర్వేరుగా లెక్కిస్తారు.

తప్పు నిజమని తేలినా వెల అంత సులభంగా తేలదు. 2008లో బ్రిటన్ 20 పెన్నీల నాణెం రూపు మార్చి, సంవత్సరాన్ని ఒక ముఖం నుండి రెండవ ముఖానికి తరలించింది. పాత అచ్చొకటి కొత్త అచ్చుతో జతపడి, ఏ ముఖాన కూడ సంవత్సరం లేని నాణేలు వెలువడినాయి. ఒక వ్యాపార సంస్థ ఒక్కొక్కదానికి 50 పౌండ్లిస్తామన్నది. అమ్మజూపినవారు వేల పౌండ్లు అడిగారు. కాని అవి పదుల వేల సంఖ్యలో ఉన్నందున ఆ వేలు నిలువలేదు. అడిగిన ధర వేరు, చెల్లిన ధర వేరు. జరిగిన వేలాలలో అట్టి నాణేనికి ఎంత వచ్చిందో చూడాలి. అది ఎన్ని ఉన్నాయి, ఎంత అరుగు లేకుండా ఉంది, కోరేవారెందరు అన్న మూడూ కలిసి వెల కడతాయి. తెలియనివారు చింతపండుతో తోమి మెరిపిస్తారు. దానితో పైపొర పోయి సగం వెల పోతుంది.

అంతకన్న పెద్ద నష్టం మోసగాండ్ల చేతిలో కలుగుతుంది. పాత నాణేలను లక్షలిచ్చి కొంటామని చెప్పి, ముందుగా రుసుమనో కమీషననో పన్ననో సొమ్ము గుంజేవారు భారతీయ రిజర్వు బ్యాంకు పేరును సైతం వాడుకున్నారు. తాను ఇట్టి వ్యవహారాలు నడపననీ, ఎవరినీ రుసుములు అడుగననీ ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన చేయవలసి వచ్చింది. నిజంగా కొనేవాడు సొమ్ము ఇస్తాడు, అడుగడు.

మీ చిల్లరలో వింతైన నాణెం కనబడితే తోమవద్దు, గీకవద్దు. అంచులు పట్టుకొని మెత్తని కాగితంలో చుట్టండి. అదే సంవత్సరపు, అదే గుర్తు గల మామూలు నాణెం ఒకటి సంపాదించి ప్రక్కన పెట్టి చూడండి. కంసాలి త్రాసులో రెండింటినీ తూయించండి. తేడా మిగిలితేనే నాణేల నెరిగినవారికి, ఒక్కరికి కాక ఇద్దరు ముగ్గురికి, చూపించండి.