అవసరం ఎంతవరకు నేర్పుతుంది?

కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళలో చాలామంది విమానం ఎక్కేనాటికి అరబ్బీలో ఒక్క అక్షరం కూడా గుర్తుపట్టలేరు. అయినా ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి యజమానురాలు చెప్పిందల్లా చేస్తారు, పిల్లల్ని బుజ్జగిస్తారు, పక్కనున్న బకాలాకు, అంటే చిల్లర కొట్టుకు వెళ్ళి సరుకులు తెస్తారు. డిగ్రీ మీద డిగ్రీ చేసి జర్మనీ వెళ్ళిన మన కుర్రాళ్ళలో కొందరు మూడేళ్ళ తర్వాత కూడా రొట్టెల దుకాణంలో ఇంగ్లీషులోనే అడుగుతుంటారు. ఇది తెలివిలో తేడా కాదు. ఆమెకు ఆ ఇంట్లో మరో భాష దిక్కు లేదు. అతనికి రూములో తెలుగుంది, ఆఫీసులో ఇంగ్లీషుంది. జర్మన్ రాకపోయినా పూట గడిచిపోతుంది.

ఆ కువైట్ ఇంటి వంటింట్లో చదువు ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. మాట వినపడేసరికి వస్తువు కళ్ళ ముందే ఉంటుంది. 'తీసుకురా' అన్నప్పుడు చేయి ఫ్రిజ్ వైపు చూపిస్తుంది. అర్థం కాకపోతే పని ఆగిపోతుంది, అవతలి మనిషి ఎదురుచూస్తుంటుంది. కాబట్టి ఏదో ఒకటి అనాలి, లేదా చేయాలి. ఇదే తంతు రేపు, ఎల్లుండి, అదే గిన్నెల మధ్య, అదే వేళకు. మంచి భాషా పాఠానికి కావలసిన సరంజామా అంతా ఇక్కడ ఉంది: కంటికి కనిపించే సందర్భం, విసుగు లేకుండా జరిగే పునశ్చరణ, జవాబు కోసం చూసే ఒక మనిషి. పరీక్ష లేదు, మార్కులు లేవు, తప్పుకు నవ్వే క్లాసు లేదు.

మన వ్యక్తిత్వ వికాస ప్రసంగాలు సాధారణంగా ఇక్కడ ఆగి చప్పట్లు కొట్టిస్తాయి. జనంలో పడితే భాష అదే వస్తుందంటాయి. నేను ఒప్పుకోను. కొంతవరకు వస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. గల్ఫ్‌లో వలస కూలీలు మాట్లాడే అరబ్బీని భాషాశాస్త్రవేత్తలు 'గల్ఫ్ పిడ్జిన్ అరబిక్' అని విడిగా అధ్యయనం చేశారు. అందులో క్రియలు చాలావరకు మారవు, స్త్రీ పురుష భేదం చెదిరిపోతుంది. దీనికి తప్పు కూలీలది మాత్రమే కాదు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు అక్కడివాళ్ళు కూడా భాషను విరిచి, ముక్కలు చేసి మాట్లాడతారు. చెవిన పడేదే విరిగిన భాష అయినప్పుడు నోటివెంట వచ్చేది మరోలా ఎలా ఉంటుంది? ఇక చదవడం సంగతి చెప్పనక్కర్లేదు: పదిహేనేళ్ళు అక్కడ పనిచేసిన మనిషి కూడా జీతం కాగితం మీద సంతకం చేసేముందు దాన్ని చదివిపెట్టేవాళ్ళ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

రిచర్డ్ ష్మిట్ అనే భాషాశాస్త్రవేత్త 1983లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ సంగతినే చూపించింది. జపాన్ నుంచి హవాయి వచ్చి హోనొలులులో స్థిరపడ్డ ఒక చిత్రకారుణ్ణి ఆయన దాదాపు మూడేళ్ళు గమనించాడు. అధ్యయనంలో ఆ చిత్రకారుడి పేరు 'వెస్'. కలుపుగోలు మనిషి, సిగ్గూ బిడియమూ లేవు, రోజులో ఎక్కువసేపు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మధ్యే తిరుగుడు. మూడేళ్ళలో అతని సంభాషణ ఎంతో మెరుగుపడింది. వ్యాకరణం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. పని జరిగిపోతోంది కదా, ఇక సరిదిద్దుకోవాల్సిన అవసరం ఏముంది?

తర్వాత ష్మిట్ తనే బ్రెజిల్‌లోని రియో డి జనీరో వెళ్ళి పోర్చుగీసు నేర్చుకుంటూ డైరీ రాసుకున్నాడు. కొన్నాళ్ళు క్లాసుకు వెళ్ళాడు, మిగతా వేళల్లో జనంతో మాట్లాడాడు. తర్వాత ఆ డైరీని, తన సంభాషణల రికార్డింగులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలింది. ఎదుటివాళ్ళ మాటల్లో ఏ రూపాన్ని తాను ప్రత్యేకంగా గమనించాడో, సాధారణంగా అదే తన నోటికి ఎక్కింది. చెవిలో వంద సార్లు పడ్డా గమనానికి రాని రూపం మాత్రం అలాగే జారిపోయింది.

కెనడాలో మరో రకం అనుభవం ఎదురైంది. మాంట్రియల్ శివారు సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాల తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు పెట్టించారు. ఆ బాటలో దేశమంతా అలాంటి బడులు వచ్చాయి. ఆ బడుల్లో పెరిగిన పిల్లలు ఫ్రెంచిని బ్రహ్మాండంగా అర్థం చేసుకున్నారు గానీ, మాట్లాడటంలోనూ రాయడంలోనూ వెనకబడ్డారు. విన్నది చాలు, చెప్పింది చాలదు అని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో తేల్చింది. నాకిది చదివినప్పుడల్లా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే మన పిల్లలు గుర్తొస్తారు. అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఇద్దరికీ పని జరిగిపోతుంది. సెలవుల్లో ఇక్కడికొచ్చి ధైర్యం చేసి ఒక తెలుగు వాక్యం అంటే పెళ్ళింట్లో పదిమందీ పకపకా నవ్వుతారు. ముద్దుకే నవ్వుతారు, కాదనను. కానీ ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు.

అవసరం, శ్రద్ధగా నేర్చుకునే కష్టం రెండూ కలిసిన మనిషి ఎలా ఉంటాడో కడపకు బాగా తెలుసు. 1817లో మద్రాసు వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ 1820లో కడపలో ఉద్యోగంలో చేరాడు. పరిపాలన పనిలో రోజూ తెలుగుతోనే వ్యవహారం. అయితే ఆయన కచేరీ తెలుగుతో తృప్తి పడలేదు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకున్నాడు, తాళపత్రాలు సేకరించి నకళ్ళు రాయించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. కువైట్ వంటింట్లోని మన ఆడపడుచుకు పండితుణ్ణి పెట్టుకునే స్తోమత లేదు, తీరికా లేదు. మనలో చాలామందికి ఆ రెండూ కొద్దో గొప్పో ఉన్నాయి.

పరదేశం వెళ్ళడమే మార్గమని కూడా అనుకోవద్దు. అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీ 1915 నుంచి వేసవి భాషా పాఠశాలలు నడుపుతోంది. అక్కడ చేరేవాళ్ళు నేర్చుకునే భాష తప్ప మరోటి మాట్లాడబోమని ప్రతిజ్ఞ చేసి సంతకం పెడతారు. జర్మన్ నేర్చుకోవడానికి జర్మనీ కాదు, అమెరికాలోని ఆ పల్లెపట్టే సరిపోతోంది. దేశం మారకపోయినా కట్టుబాటు మారితే చాలన్నమాట.

కాబట్టి జర్మనీకి నర్సుగా వెళ్ళాలని జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్షకు చదువుతున్న అమ్మాయికి నేను చెప్పేది ఇది. రోజులో ఒక పనిని పూర్తిగా జర్మన్‌కు రాసిచ్చేయండి. వంట చేస్తూ చేతిలో ఉన్నదాన్ని పైకి చెప్పుకోండి. జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెల్లె నెమ్మదిగా చదివే వార్తల్ని ఉచితంగా ఇస్తుంది. ఒకే వార్తను మూడు రోజులు విని, గొంతు కలిపి చదవండి. రాత్రి అయిదు వాక్యాలు రాసి, తెలిసినవాళ్ళ చేత దిద్దించుకోండి. ఆ దిద్దిన వాక్యాన్నే మర్నాడు ఎవరితోనైనా వాడండి. అక్కడికి వెళ్ళాక, మీ తడబాటు చూసి ఎదుటివాళ్ళు ఇంగ్లీషులోకి మారితే మీరు మారకండి. తప్పు దొర్లితే ఆపి చెప్పమని ముందే అడగండి. అడక్కపోతే మర్యాద కొద్దీ ఎవరూ చెప్పరు.

ముప్పై రోజుల్లో భాష నేర్పుతామనే పుస్తకాల మాట నమ్మకండి. అమెరికా విదేశాంగశాఖ తన దౌత్య సిబ్బందికి అరబ్బీ, చైనీస్, జపనీస్, కొరియన్ నేర్పడానికి 88 వారాలు, 2,200 క్లాసు గంటలు పడుతుందని లెక్కగట్టింది. వాళ్ళు జీతం తీసుకుంటూ పూర్తికాలం చదివేవాళ్ళు. మీకు ఇంకొంచెం ఎక్కువ పట్టినా సిగ్గుపడాల్సింది లేదు.

ఇక టికెట్ కొనేముందు ఒక్క సంగతి తేల్చుకోండి. అక్కడ గది ఎవరితో పంచుకుంటారు? నలుగురు తెలుగువాళ్ళున్న ఫ్లాట్‌లో అద్దె తగ్గుతుంది, పప్పుచారు దొరుకుతుంది. కుదిరితే మొదటి ఆరు నెలలు ఆ ఫ్లాట్ వద్దనుకోండి.