విడువరాని గిటారు

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 12:1–7, కీర్తన 33:1–3, కీర్తన 137



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోని మన గ్రామ సంఘములకు గిటారు ఇప్పుడు క్రొత్త వస్తువు కాదు. హార్మోనియము, డోలకు, కంజిర, తాళములు ఉన్నచోటనే అదియు వచ్చి కూర్చున్నది. వడ్లు అమ్మినప్పుడో, మినుములు అమ్మినప్పుడో నాలుగు డబ్బులు చేత పడగానే బిడ్డకు ఒక గిటారు కొనవలెనని తలిదండ్రులు తలంచుచున్నారు. యౌవనస్థుల కూటములు చందాలు ప్రోగుచేయుచున్నవి. అయితే కొన్న గిటారులలో అనేకములు రెండు వర్షాకాలములు దాటకముందే మూలపడుచున్నవి. మెడ వంగినదని ఒకరు, తీగ నొక్కలేమని ఒకరు, శ్రుతి నిలువదని ఇంకొకరు చెప్పుదురు. కూలి డబ్బుతో కొన్నది గోడకు వ్రేలాడు బొమ్మ యగుట చిన్న నష్టము కాదు. గనుక ఒక్కటే కొనగలిగినవారు, బ్రదికినంత కాలము విడువనక్కరలేని దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు నిలుపుకొనవలెనో ఈ నెల ఆలోచింతము.

1. ఒక్కటి ఎందుకు ప్రియమగును?

నాతాను ప్రవక్త దావీదు రాజునకు చెప్పిన కథ మనమందరము ఎరుగుదుము. ధనవంతునికి మందలు మందలుగా గొఱ్ఱెలుండెను. దరిద్రునికి ఒక్క ఆడు గొఱ్ఱెపిల్ల. సంతలో చూచిన యెడల ఆ పిల్లకు వచ్చు వెల స్వల్పమే. అయినను దరిద్రునికి అది బిడ్డవంటిదాయెను. ఏలయనగా వాడు దానిని తన ముద్దలోనిది పెట్టి పెంచెను, దినదినము చేతులలో ఎత్తుకొనెను. ప్రియము వెలనుండి పుట్టలేదు, పోషణనుండి పుట్టెను.

వాద్యము సంగతియు ఇంతే. అమెరికా దేశములో విల్లీ నెల్సన్ అను గాయకుడు 1969లో ఒక గిటారు కొని, యాభై ఏండ్లకు పైగా దానినే వాయించెను. వ్రేళ్లతో మీటుటకు చేసిన ఆ గిటారును అతడు మీటుడుబిళ్లతో వాయించినందున పైచెక్క అరిగి, దానికి రంధ్రము పడినది. ఇల్లు కాలినప్పుడు మంటలలోనుండి అతడు దానిని బయటికి తెచ్చుకొనెను. ఎప్పటికప్పుడు బాగుచేయించుచు వచ్చెను. క్రొత్తవి ఎన్నియైనను కొనగలవాడు చిల్లిపడిన దానినే ఉంచుకొనెను. కొనుట ఒక దినపు పని. విడువరానిదిగా చేసికొనుట ఏండ్ల పని. అయినను మొదటి దినమున తప్పుదానిని తెచ్చుకొన్నచో ఆ ఏండ్లు గడువవు. గనుక ఎన్నుకొనుట ముందు తెలిసికొందము.

2. చెక్క

బొబ్బిలి, నూజివీడు వీణలు పనసచెక్కతో చేయబడునని మీరు వినియుందురు. ఒకే దుంగలో తొలిచిన దానిని ఏకాండి వీణ యని గౌరవముగా పిలుతురు. గిటారు పెట్టె అట్లు తొలిచినది కాదు, పలుచని చెక్కలను అతికి చేసినది. దానిలో ముఖ్యము పైచెక్క. తీగ కదలికను అందుకొని గాలిని కదలించునది అదే. మంచి గిటారులకు స్ప్రూస్ అను చలిదేశపు చెట్టు చెక్కను వాడుదురు. అది తేలిక, అయినను బిగువు గలది. పైచెక్క ఏకచెక్కయైన యెడల నాదము నిండుగా పలుకును, వాయించిన కొలది ఇంకను విప్పారును. పలుచని పొరలు అతికించిన ప్లైవుడ్ అయిన యెడల నాదము కొంత మూసికొనిపోయినట్లుండును.

ఈ భేదము కనిపెట్టుట సులభము. నడుమనున్న గుండ్రని రంధ్రపు అంచును వెలుతురులో చూడుడి. పైనున్న నారగీతలు అంచులోనికి కూడ తిన్నగా దిగినచో అది ఏకచెక్క. పొరమీద పొర కనబడినచో ప్లైవుడ్.

అయితే ప్లైవుడ్‌ను తృణీకరింపకుడి. ఏకచెక్క గాలిలోని తేమను త్రాగి ఉబ్బును, ఎండకు బీటలు వారును. గిటారులు చేయువారు గాలిలో తేమ 45 నుండి 55 శాతము ఉండవలెనందురు. మన కృష్ణా డెల్టాలో వానకాలమందు అది 70 దాటును. పెట్టె లేక, రేకుల కప్పు క్రింద, గోడకు ఆనించి ఉంచవలసిన చోట మంచి ప్లైవుడ్ గిటారే ఎక్కువ కాలము నిలుచును. పైచెక్క ఏకచెక్కగాను, ప్రక్కలు వెనుకభాగము ప్లైవుడ్‌గాను ఉన్నది మధ్యమార్గము. దానిని పెట్టెలో భద్రపరచగల కుటుంబమునకు అదియే తగినదని మా తలంపు.

ఇచ్చట ఒక సంగతి చెప్పుట బాగుండును. మార్టిన్ అను పేరుగల గిటారులు లోకమంతట ప్రసిద్ధి. వాటిని మొదట చేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ జర్మనీ దేశస్థుడు. 1833లో అమెరికాకు వెళ్లి, కొద్ది ఏండ్లకే పెన్సిల్వేనియాలోని నజరేతు అను ఊర స్థిరపడెను. 1740లో అక్కడ కాపురమేర్పరచుకొన్నవారు మొరేవియన్ విశ్వాసులు. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్‌ను పంపిన లూథరన్ సభయు ఆ పెన్సిల్వేనియాదే. మార్టిన్ వారు 1969లో బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్ దొరుకుట కష్టమై, వెనుకచెక్కకు మన భారతదేశపు రోజ్‌వుడ్‌ను, అనగా జిట్రేగిని, వాడసాగిరి. దూరదేశపు వాద్యములో మన అడవి చెట్టును పలుకుచున్నది.

3. మెడ, మెట్లు, తీగలు

వీణకువలె గిటారుకును మెట్లున్నవి. దుకాణములో గిటారును తుపాకివలె కంటియెదుట పట్టి, మెడ పొడవున చూడుడి. మెడ మెలితిరిగియున్నచో ఎంత చవకైనను వద్దు. తరువాత పండ్రెండవ మెట్టు పైన తీగ ఎంత ఎత్తున ఉన్నదో చూడుడి. రెండు మూడు మిల్లీమీటర్లు చాలును. అంతకు మించినచో నేర్చుకొను బిడ్డ వ్రేళ్లు కోసికొనిపోయి, నెల తిరుగకముందే విసుగు పుట్టును. మెడలో ఇనుపకడ్డి ఉండి, దానిని తాళముతో త్రిప్పి సవరింప వీలున్నదా యని అడుగుడి. మన వాతావరణములో అది అవసరము.

పిదప ఒక తీగను ఊరక మీటి, మరల పండ్రెండవ మెట్టున నొక్కి మీటుడి. రెండవది మొదటి దానికి సరిగా పైస్థాయి కావలెను. కానిచో ఎన్నిమార్లు బిరడాలు త్రిప్పినను పాట శ్రుతిలో నిలువదు.

ఉక్కుతీగల గిటారు వేరు, నైలాను తీగల గిటారు వేరు. ఆరు ఉక్కుతీగలు కలిసి సుమారు 70 కిలోల బలముతో లాగును. నైలాను తీగలు దానిలో సగము కంటె కొంచెము ఎక్కువ. నైలాను గిటారుకు ఉక్కుతీగలు కట్టిన యెడల తీగలను పట్టుకొన్న బ్రిడ్జి ఊడివచ్చును. బయట సంఘముతో కలిసి పాడుటకు ఉక్కుతీగలే వినబడును. చిన్న బిడ్డకు నైలాను మెత్తన. డ్రెడ్‌నాట్ అను పెద్దపెట్టె గిటారు గట్టిగా పలుకును. యుద్ధనౌక పేరు దానికి పెట్టిరి. కాని పొట్టి చేతులవారు, ఆడపిల్లలు దానిని కౌగిలింపలేక భుజము నొప్పి పెట్టుకొందురు. వాయించువారినే వెంట తీసికొనిపోయి, వారి ఒడిలో పెట్టి చూడుడి. ఒకే ధరకు వచ్చు మూడింటిని తెప్పించి, ఒకే పాట మూడింటిమీద వాయింపజేసి, కన్నులు మూసికొని వినుడి. మెరుగును కాదు, నాదమును కొనుడి.

4. సంఘపు గొంతునకు తగినది

మన పాత క్రైస్తవ కీర్తనలకు పైన రాగము, తాళము వ్రాసియుండుట చూచెదరు. వాటిలోని గమకములను వీణ తీగ లాగి పలికించును. గిటారు మెట్లు అట్లు వంగవు. గనుక అట్టి కీర్తనలకు గిటారు వాయించువాడు షడ్జమ పంచమములను పట్టుకొని, తాళమును నిలుపుట మేలు. స్త్రీలు పాడు శ్రుతికి తీగలను మార్చుటకు కేపో అను చిన్న బిగింపు చాలును.

తక్కువ వాద్యమని తలంపవద్దు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్ అను పల్లెలో, యోసేపు మోర్ వ్రాసిన పాటను ఫ్రాంజ్ గ్రూబర్ రెండు గొంతులకును గిటారుకును స్వరపరచెను. మోరే గిటారు వాయించెను. మనము క్రిస్మసునాడు శుద్ధరాత్రి యని పాడు పాట అదే. ఆయన గిటారును హాలైన్ పట్టణపు ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును.

5. ఉప్పుగాలి, తుపాను

తెనాలి కాలువల ఊరు, బాపట్లకు సూర్యలంక తీరము దగ్గర, రేపల్లె కృష్ణానది సముద్రము చేరు కొసన ఉన్నది. దక్షిణమునకు పోయిన కొలది గాలిలో ఉప్పు ఎక్కువగును. తీగలు త్వరగా త్రుప్పు పట్టును. వాయించిన ప్రతిసారి పొడిగుడ్డతో తీగలను, మెడను తుడువుడి. పెట్టెలో తేమ పీల్చు పొట్లములు ఉంచుడి. మూసిన బండిలో ఎండకు విడువకుడి, జిగురు కరగును. చాలా దినములు వాయింపనిచో తీగలను కొంచెము సడలింపుడి.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమతో పాటు రేపల్లె తీరగ్రామములును దెబ్బతిన్నవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరము దాటెను. ఇట్టి సీమలో, కరెంటు లేక కీబోర్డు మూగపోయిన రాత్రి, భుజమున తగిలించుకొని ఆశ్రయమునకు తీసికొనిపోగల వాద్యము ఏదో ఆలోచించుడి. రెండు కిలోల బరువుగల గిటారు అట్టిది. బబులోను చెరలో ఇశ్రాయేలీయులు పాడలేక తమ సితారాలను చెట్లకు తగిలించిరి. పారవేసినట్లు గాని, అమ్ముకొనినట్లు గాని ఆ కీర్తనలో లేదు. దుఃఖదినమున పాట ఆగవచ్చును, వాద్యమును తెగనమ్ముకొనవద్దు.

6. ఎవరిది?

ఇప్పుడు నాతాను కథ చివరకు వత్తము. ధనవంతుని యింటికి అతిథి వచ్చినప్పుడు తన మందలోనిది కోయక, దరిద్రుని ఒక్క పిల్లను పట్టుకొనిపోయెను. మన ఊళ్లలో ఇట్లు జరుగుట లేదా? పండుగ వచ్చును, పెండ్లి వచ్చును, సభలు వచ్చును. ఫలానా కూలివాని కుమారుని యొద్ద గిటారున్నది గదా, తెమ్మందురు. ఆ బిడ్డ కాదనలేడు. మూడు దినములకు తీగ తెగి, పెట్టె పగిలి తిరిగి వచ్చును. బాగుచేయించు ఖర్చు ఎవరును అడుగరు. దేవుని పనికే గదా యని నోరు మూయింతురు. నాతాను వ్రేలు చూపినది ఇట్టి పనినే.

సంఘమునకు వాద్యము కావలెనన్నచో సంఘమే కొనవలెను, లెక్కలో వ్రాయవలెను, ఒక మనుష్యుని చేతికి అప్పగించి, తీగలకు ఏటేట కొంత సొమ్ము కేటాయింపవలెను. బిడ్డది బిడ్డకే విడువవలెను. అతడు తన యిష్టముచొప్పున తెచ్చి వాయించినచో అది కానుక. బలవంతము చేసినచో అది కానుక కాదు.

విడువరానిదానిని విడుచు సమయము ఒక్కటి కలదు. చేతులు వణికి తీగ నొక్కలేని దినమున, దానిని నేర్చుకొనగోరు ఒక చిన్నదాని ఒడిలో పెట్టుట. అప్పుడు అది పోయినట్లు కాదు, పలుకుచునే యుండును.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో మూలపడిన వాద్యములు ఎన్ని? ఏ కారణమున మూలపడినవి? బాగుచేయింప వీలైనవి ఏవి?
2. మన మందిరములో గిటారును తేమనుండి కాపాడు చోటు ఉన్నదా?
3. బీదవారి వస్తువును ఎరువు తెచ్చి చెరిపిన సందర్భమున్నచో, దానిని ఎట్లు సరిదిద్దుదుము?