వైర్‌లెస్ హబ్ కొనాలా, వద్దా?

ప్రశ్న: మాది డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు. ఒక్క కంప్యూటర్‌కే ప్రింటర్, స్కానర్, వేలిముద్రల మిషన్, డిజిటల్ సంతకం డాంగిల్, కీబోర్డు, మౌసు అన్నీ తగిలించాను. కాలు కదిపితే ఏదో ఒక వైరు ఊడుతోంది. వైర్‌లెస్ యూఎస్‌బీ హబ్ తెచ్చుకుంటే ఈ బాధ తీరుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. మామూలు హబ్ వందల్లో దొరుకుతుంటే దీనికి వేలు పెట్టాలి. పెట్టొచ్చంటారా?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీ షాపుకైతే వద్దండీ. ఆ డబ్బుతో మీ ఇబ్బంది తీరదు.

వైర్‌లెస్ హబ్ తీసేసేది ఒక్క వైరునే, అదీ హబ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య ఉన్నదాన్ని. ప్రింటర్ వైరు, స్కానర్ వైరు, వేలిముద్రల మిషన్ వైరు ఎప్పటిలాగే హబ్ దాకా రావలసిందే. పైగా యూఎస్‌బీ వైరులో డేటాతో పాటు కరెంటు కూడా వస్తుంది. పాత 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల వరకూ, 3.0 పోర్టు 900 వరకూ ఇస్తుంది. ఆ వైరే లేనప్పుడు హబ్‌కు కరెంటు ఎక్కడిది? గోడకున్న ప్లగ్గులో అడాప్టర్ పెట్టాలి. అంటే ఒక వైరు పోయి ఇంకో వైరు వచ్చింది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. వైర్‌లెస్ యూఎస్‌బీ ప్రమాణం 2005లోనే వచ్చింది. మూడు మీటర్ల లోపు సెకనుకు 480 మెగాబిట్లు, పది మీటర్ల దూరానికి 110 అని కాగితం మీద రాసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లలో బెల్కిన్, ఐఓగేర్ కంపెనీల నాలుగు పోర్టుల హబ్‌లు అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. ధర దాదాపు 200 డాలర్లు, అప్పటి మన డబ్బుల్లో ఎనిమిది వేల దాకా. చేతికొచ్చిన వేగం మాత్రం రాసుకున్నదానిలో చిన్న వంతే. వాడేవాళ్లు పెరగలేదు, చిప్‌లు చేసేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు, ఇంటెల్ కూడా 2008లో ఆ పని మానేసింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికేవాటిలో ఎక్కువ భాగం వైఫై మీద నడిచే వేరే రకం పెట్టెలు. కంప్యూటర్‌లో వాటి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, అది లేచేదాకా ఆ పెట్టెకు తగిలించిన ఏ పరికరమూ కంప్యూటర్‌కు కనబడదు.

మీ పనిలో అసలు నష్టం వేగం తగ్గడం కాదు, లింకు మధ్యలో తెగడం. పొలం పనుల్లో గీతలు అరిగిపోయిన వేళ్లతో ఒక పెద్దాయన వచ్చారనుకోండి. బొటనవేలు పడక, చూపుడువేలు పడక, తడిగుడ్డతో తుడిపించి మళ్లీ పెట్టిస్తే ఎప్పటికో సరిపోలుతుంది. సరిగ్గా అప్పుడే వైఫై తడబడితే ఆయన్ని మొదటినుంచీ కూర్చోబెట్టాలి. డిజిటల్ సంతకం డాంగిల్ కూడా అంతే. ఒక్క క్షణం తెగినా, డాంగిల్‌ను ఊడదీసి మళ్లీ పెట్టినట్టే లెక్క, పిన్ మళ్లీ కొట్టాలి. ఈ రెండూ వైరుతోనే ఉండాలని నా గట్టి సలహా.

మీరు చేయాల్సింది వేరే ఉంది. సొంత అడాప్టర్ ఉన్న ఏడు పోర్టుల మామూలు హబ్ ఒకటి తీసుకోండి. అడాప్టర్ లేనిది తీసుకుంటే ఒక్క పోర్టు కరెంటునే అన్నీ పంచుకోవాలి, స్కానర్ మధ్యలో ఆగిపోతుంది. దాన్ని టేబుల్ చెక్క కిందివైపు స్క్రూలతో బిగించి, వైర్లను ట్యాగ్‌లతో కట్టి కాలికి అందకుండా వెనక్కి పంపండి. ప్రింటర్‌ను మాత్రం హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. దూరంగా జరపాలనుకుంటే యూఎస్‌బీ 2.0 వైరు ఐదు మీటర్ల వరకూ పనికొస్తుంది. వైర్‌లెస్ కావాలనిపిస్తే కీబోర్డు, మౌసు మార్చండి. రెండూ ఒకే రిసీవర్‌తో పనిచేసే సెట్లు తక్కువ ధరకే ఉన్నాయి, ఒక పోర్టు కూడా మిగులుతుంది.

ప్రశ్న: మా ట్యూషన్ సెంటర్‌లో కింద కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంది. పైగదిలో ల్యాప్‌టాప్. దీనికైనా వైర్‌లెస్ పెట్టె పనికొస్తుందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పరికరం ఒక చోట, మనిషి ఇంకో చోట ఉన్నప్పుడు ఇలాంటి పెట్టెకు అర్థముంది. కానీ మీ ప్రింటర్ మొండిది. దానికి యూఎస్‌బీ తప్ప వేరే దారి లేదు, కెనాన్ సొంత పద్ధతిలో తప్ప మాట వినదు. ప్రింటర్‌ను వైఫైకి కలిపే చవక పెట్టెలు (ప్రింట్ సర్వర్లు) చాలావరకు దానితో కుదరవు. ప్రింటర్ దగ్గర పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే దానికి తగిలించి, విండోస్‌లో షేర్ పెట్టి, రెండింటినీ ఒకే వైఫైలో ఉంచండి. ఖర్చు లేదు. ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, అంతే. పాత కంప్యూటర్ లేకపోతే పెట్టె కోసం డబ్బు పెట్టకండి, ఈసారి ప్రింటర్ మార్చేటప్పుడు వైఫై ఉన్నదే తీసుకోండి.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌసు ఆగి ఆగి కదులుతోంది. మౌసు పాడైనట్టేనా?
- ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: మౌసును పారేయకండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి. ఇంటెల్ 2012లోనే దీనిమీద ఒక పత్రం వెలువరించింది. మీ మౌసు రిసీవర్ వినేదీ అక్కడే. హార్డ్‌డిస్క్ పక్క పోర్టులోనే రిసీవర్ ఉందేమో చూడండి. ఉంటే ల్యాప్‌టాప్ రెండోవైపు పోర్టుకు మార్చండి. అటువైపు పోర్టు లేకపోతే ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు కొని, రిసీవర్‌ను దాని చివర పెట్టి మౌసు ప్యాడ్ దగ్గరికి తెచ్చుకోండి. హార్డ్‌డిస్క్ వైరు వదులుగా, నాసిరకంగా ఉన్నా రొద పెరుగుతుంది కాబట్టి దాన్ని కూడా ఒకసారి మార్చి చూడండి.