ఆరు నెలలు బాగున్న బిడ్డకు ఆ తర్వాత జబ్బెందుకు?



బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు ఏజెన్సీ గ్రామాల నుండి జంగారెడ్డిగూడెం వైద్యానికి వచ్చే కుటుంబాల్లో కొందరు పసిబిడ్డల కథ ఒకేలా ఉంటుంది. పుట్టినప్పుడు బిడ్డ నిండుగా ఉంటుంది, పాలు బాగా తాగుతుంది. అన్నప్రాశన అయిన కొద్ది రోజులకు చేతులు, పాదాలు వాస్తాయి. ముట్టుకుంటే ఏడుస్తుంది. ఒళ్ళు పాలిపోతుంది, కళ్ళు పచ్చబడతాయి. దిష్టి తగిలిందని ఒకరు, పెట్టిన అన్నం పడలేదని ఇంకొకరు అంటారు. చివరికి ఆ నింద తల్లి మీదే పడుతుంది.

ఇలాంటి బిడ్డల్లో కొందరికి ఉన్నది సికిల్ సెల్ ఎనీమియా, అంటే కొడవలి కణ వ్యాధి. ఇది పుట్టుకతో వచ్చినదే. మరి ఆరు నెలల పాటు ఎందుకు బయటపడలేదు? ఈ నెల పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం. దీనికి జవాబు తెలిస్తే ఈ జబ్బుకు ఇచ్చే మందు ఎలా పనిచేస్తుందో కూడా తెలుస్తుంది.

ఒకే పుస్తకం, వేరు వేరు పాటలు

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో సంఘాన్ని శరీరంతో పోల్చాడు. కన్ను పని వేరు, చెయ్యి పని వేరు, అయినా అవి ఒకే శరీరానివి. నేటి విజ్ఞానం ఇందులో ఇంకొక ఆశ్చర్యాన్ని చూపిస్తోంది. కంటి కణంలోను, కాలేయ కణంలోను, చర్మ కణంలోను ఉన్న జన్యువులు దాదాపు ఒక్కటే. ప్రతి కణంలోను ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000 ఉంటాయి.

మన ఇళ్ళలో ఉండే కీర్తనల పుస్తకాన్ని తలచుకోండి. అందరి ఇంట్లోనూ అదే పుస్తకం. పెళ్ళింట ఒక పేజీ తెరుస్తాం, సమాధి దగ్గర ఇంకొక పేజీ తెరుస్తాం. ఏ పాట పాడుతున్నారో వింటే అక్కడ ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. కణాలు కూడా అంతే. పుస్తకం ఒకటే అయినా, ఏ పేజీలు తెరిచాయన్న దానిని బట్టి అది ఏ కణమో తేలుతుంది. ఒక జన్యువు ఇలా తెరుచుకుని పని చేయడాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. తెరిచిన పేజీకి కణం ఒక నకలు రాసుకుంటుంది. ఆ నకలు పేరు ఆర్‌ఎన్‌ఏ. దాన్ని చూసి ప్రోటీన్ తయారవుతుంది.

ఒక్క అక్షరం తప్పు

ఎర్ర రక్తకణాలు ఎముక మూలుగలో తయారవుతాయి. అక్కడ ఎక్కువగా తెరిచి ఉండే పేజీలు హిమోగ్లోబిన్‌వి. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసేది ఈ హిమోగ్లోబినే. పెద్దవారి హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి.

కొడవలి కణ వ్యాధిలో బీటా జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారుతుంది. దానివల్ల బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ చేరుతుంది. అంత చిన్న మార్పుతోనే, ప్రాణవాయువు తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ పోగులుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. అడ్డుపడిన చోట నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే, కొడవలి కణం 10 నుండి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. రక్తహీనత, పచ్చ కళ్ళు అందుకే వస్తాయి.

ఆ తప్పు అక్షరం బిడ్డ చర్మ కణాల్లోను, కంటి కణాల్లోను కూడా ఉంది. కాని అక్కడ ఆ పేజీ మూసి ఉంటుంది కాబట్టి ఆ కణాలు తప్పు హిమోగ్లోబిన్‌ను తయారుచేయవు. పేజీ తెరిచిన చోటే జబ్బు మొదలవుతుంది.

ఆరు నెలల గుట్టు

తల్లి గర్భంలో ఉన్న శిశువుకు మావి ద్వారా తల్లి రక్తం నుండే ప్రాణవాయువు అందాలి. అందుకోసం శిశువు కణాలు బీటాకు బదులు గామా అనే పేజీని తెరుస్తాయి. దాంతో తయారయ్యేది శిశు హిమోగ్లోబిన్. అది ప్రాణవాయువును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పుట్టిన తర్వాత గామా పేజీ మెల్లగా మూసుకుంటుంది, బీటా పేజీ తెరుచుకుంటుంది. ఆరు నెలలు నిండేసరికి ఈ మార్పు చాలావరకు పూర్తవుతుంది.

గామా పేజీలో తప్పు లేదు. అది తెరిచి ఉన్నన్నాళ్ళు బిడ్డకు కాపుదల. అది మూసుకునే కాలమూ మనం అన్నప్రాశన చేసే కాలమూ దగ్గరదగ్గరగా వస్తాయి. అంతే తప్ప అన్నం చేసిన కీడు లేదు, తల్లి చేసిన తప్పు లేదు. ఈ మాట ఇంట్లో అత్తగారికి, ఊళ్ళో పెద్దలకు కూడా చెప్పండి.

1948లో అమెరికాలో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలు పుట్టిన బిడ్డల రక్తంలో కొడవలి కణాలు చాలా తక్కువగా ఉండటం గమనించి, శిశు హిమోగ్లోబినే కాపాడుతోందేమోనని సూచించారు. ఆ సూచన నిజమైంది. పెద్దయ్యాక కూడా శిశు హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా మిగిలినవారికి బాధ తక్కువగా ఉంటుంది. ఒకే జబ్బున్న అన్నదమ్ముల్లో ఒకరికి నొప్పులు తక్కువగా రావడానికి ఇది ఒక కారణం.

మూసిన పేజీని తెరిచే మందు

హైడ్రాక్సీయూరియా అనే మందు గామా పేజీని మళ్ళీ కొంత తెరిపిస్తుంది. అమెరికాలో 1998లో పెద్దవారి కొడవలి కణ వ్యాధికి దీన్ని అనుమతించారు. నొప్పులు వచ్చే సార్లు, రక్తం ఎక్కించవలసిన సార్లు దీనివల్ల తగ్గుతాయి.

పది రోజులు వాడి, నొప్పి తగ్గలేదని మానేసేవారున్నారు. దయచేసి అలా చేయకండి. పూర్తిగా తయారైన ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, అంటే అందులో పుస్తకమే ఉండదు. కాబట్టి ఈ మందు మూలుగలో కొత్తగా తయారయ్యే కణాల మీదనే పని చేయాలి. మేలు కనిపించడానికి నెలలు పడుతుంది. ఇది నొప్పి బిళ్ళ కాదు. తెల్లకణాలను తగ్గించే గుణం ఉంది కనుక డాక్టరు చెప్పిన గడువుల్లో రక్తపరీక్ష తప్పనిసరి. బిడ్డను కనాలనుకునే దంపతుల్లో భర్త గాని, భార్య గాని ఈ మందు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

దీనితో పాటు ఫోలిక్ ఆసిడ్ బిళ్ళ కూడా ఇస్తారు. కణాలు త్వరగా పగిలిపోతుంటే మూలుగ ఎక్కువ పని చేయాలి, దానికి ఇది కావాలి. ఫోలిక్ ఆసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించినది మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే.

కొత్త వెలుగు

గామా పేజీని మూసేది ఎవరు? బీసీఎల్11ఎ అనే జన్యువని 2008లో తెలిసింది. దాన్ని పూర్తిగా తీసేద్దామంటే కుదరదు. మెదడు కణాల్లోను, రోగనిరోధక కణాల్లోను అది వేరే ముఖ్యమైన పనులు చేస్తుంది. ఎర్రకణాల్లో మాత్రమే దాన్ని పెంచే మీట ఒకటుందని తర్వాత కనుగొన్నారు. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, ఆ ఒక్క మీటను కత్తిరించి, తిరిగి ఎక్కించే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. దాని ఖరీదు అమెరికాలో 22 లక్షల డాలర్లు, సామాన్యునికి అందనిది. మన దేశంలోను ఢిల్లీలోని ఐజీఐబీ సంస్థ శాస్త్రవేత్తలు ఇలాంటి చికిత్స కోసం కృషి చేస్తున్నారు.

ఏ కణంలో ఏ పేజీ తెరిచి ఉందో ఒక్కొక్క కణాన్ని విడివిడిగా చదివే పద్ధతులు నేడు వచ్చాయి. 2016లో మొదలైన హ్యూమన్ సెల్ అట్లాస్ అనే ప్రపంచ ప్రయత్నం మన ఒంటిలోని కణాల రకాలన్నిటికీ ఇలా పటం గీస్తోంది. ఎన్నో ఇతర జబ్బులు ఏ కణంలో మొదలవుతాయో దీనివల్ల తెలుస్తోంది.

మనం చేయవలసినవి

1. పరీక్ష చేయించుకోండి. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో మన రాష్ట్రం కూడా ఉంది. కోయ, కొండరెడ్డి కుటుంబాలవారు ముఖ్యంగా అశ్రద్ధ చేయకూడదు. ఇతర కులాలవారికి కూడా ఈ జబ్బు రావచ్చు.

2. ఆరు నెలల లోపు బిడ్డకు మామూలు సాల్యుబిలిటీ పరీక్షలో జబ్బు లేదని వచ్చినా నమ్మి ఊరుకోకండి. శిశు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండటంవల్ల ఆ పరీక్ష పొరపాటు పడవచ్చు. హెచ్‌పీఎల్‌సీ వంటి పరీక్షతో తేల్చుకోవాలి.

3. నీళ్ళు బాగా తాగించండి. చలిలోను, మండుటెండలోను తిప్పకండి. టీకాలన్నీ వేయించండి.

4. జ్వరం, ఛాతీ నొప్పితో ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, హఠాత్తుగా పాలిపోయి ఎడమవైపు పొట్ట ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

5. పెళ్ళి మాటలకు ముందే ఇద్దరి రక్తం చూపించుకోండి. తప్పు జన్యువు ఒక్కటే ఉన్నవారు వాహకులు. వారు రోగులు కారు, వారిని వెలివేయకూడదు. వాహకులు ఇద్దరూ దంపతులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డ బాగుంటే రెండవ బిడ్డకు భయం లేదనుకోకూడదు.

మీ సంఘంలో ఆరు నెలలు బాగుండి తర్వాత నలిగిపోతున్న బిడ్డ ఉంటే ఆ తల్లికి ఈ పాఠం చదివి వినిపించండి. ఆమె కోసం ప్రార్థించండి, పరీక్షకు ఆమెతో కూడా రండి. ఈ జబ్బు ఆమె పెట్టిన ముద్దవల్ల రాలేదని మొదట ఆమెకు తెలియాలి.