బలం పెట్టని చెయ్యి

కోనసీమలో ఏ పాత మండువా లోగిలి బీరువాలోనో తాతల నాటి గొలుసు గడియారం దొరికితే ఇంటిల్లిపాదికీ మూడు ఆలోచనలు వస్తాయి: గట్టిగా కీ ఇద్దాం, రెండు చుక్కలు కొబ్బరినూనె వేద్దాం, చింతపండుతో తోమి మెరిపిద్దాం. మూడూ ప్రేమతో వచ్చేవే, మూడూ గడియారానికి చేటు చేసేవే. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది, ఈలోగా దుమ్మునంతా పట్టి ఉంచుతుంది. తోమితే వెనకమూత మీది చెక్కుడు పని అరిగిపోతుంది, మళ్ళీ రాదు. ఎండిన నూనె మీద బలవంతంగా నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయి. అందుకే పాత గడియారాన్ని బాగుచేయడం మనిషికి నిగ్రహం నేర్పే గొప్ప సాధన అని నా వాదన. చేతనైనదంతా చేసెయ్యాలన్న తొందరను అది అడుగడుగునా ఆపుతుంది.

లోపల ఏముందో చూస్తే ఈ మాట బలపడుతుంది. ఇలాంటి గడియారాల్లో చాలావాటి బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు 4,32,000 సార్లు. దాని ఇరుసు కొన మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుందేమో, కెంపురాయి గుంతలో తిరుగుతుంది. అక్కడ పడాల్సిన నూనె సూదిమొనకు అంటినంత. ఎక్కువైతే పక్కకు పాకిపోయి, ఉండాల్సిన చోట ఏమీ మిగలదు. విప్పేముందు, కీ ఇచ్చినప్పుడు చుట్టుకునే స్ప్రింగులో మిగిలిన బిగువును మెల్లగా వదలాలి, లేకపోతే చక్రాల పళ్ళు విరుగుతాయి. గోదావరి పాయలూ సముద్రమూ చుట్టుకున్న మన నేల మీద గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. వెంట్రుకంత ఉక్కు స్ప్రింగుకు తుప్పు తొందరగా పడుతుంది. కాబట్టి ఇక్కడ జాగ్రత్త ఒకసారితో తీరేది కాదు. ఎందుకు ఆగిందో తెలిసేదాకా పట్టకారు ముట్టుకోని అలవాటు చేతికి వచ్చినవాడు, ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు కూడా ముందు కారణం వెతుకుతాడని నా నమ్మకం.

ఫోను ఉండగా ఇదెందుకు అనేవాళ్ళున్నారు. సరైన సమయం కోసమైతే అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ సరైన సమయం కూడా ఒక ఒప్పందమే. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ 82.5 డిగ్రీల రేఖాంశాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. అమలాపురం దాదాపు 82 డిగ్రీల మీద ఉంది కనుక ఇక్కడి సూర్యుడు ఆ లెక్కకు రెండు నిమిషాలు వెనక. అందుకే రోజుకు ఓ నిమిషం తప్పే గడియారాన్ని ప్రతి ఉదయం సరిచేసుకోవడంలో కష్టం కన్నా ఆనందమే ఎక్కువ.

వస్తువుల మీద మోజు పెంచుకోవడం వ్యక్తిత్వ వికాసమా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. పదుల కొద్దీ కొని అద్దాల బీరువా నింపడం నాకూ నచ్చదు. అయితే అతి తక్కువ వస్తువులతో బతికిన గాంధీజీ దగ్గరా జేబుగడియారం ఉండేది. 2009లో న్యూయార్కు వేలంలో ఆయన కళ్ళజోడు, చెప్పులతో పాటు అమ్ముడైంది జెనిత్ కంపెనీ జేబుగడియారం. ఉన్న ఒక్కదాన్ని ఏళ్ళ తరబడి నడిచేలా చూసుకోవడం మోజు కాదు, బాధ్యత.

మీ ఇంట్లో అలాంటిది ఉంటే తోమకండి, నూనె వేయకండి. పనితనం తెలిసిన పాత వాచీ మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళి, వీలైతే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చూడనివ్వండి. ముళ్ళకు, అంకెలకు చీకట్లో వెలిగే పాతకాలపు పూత ఉంటే మాత్రం అది రేడియం కావచ్చు, అద్దం ఇంట్లో విప్పకండి.