బంతీ కావాలి, బడీ కావాలి

ప్రశ్న: మాది సికింద్రాబాద్‌లో బస్తీ. నేను ఇళ్లలో పనిచేస్తాను. పద్నాలుగేళ్ల మా అబ్బాయి చదువు మానేసి ఫుట్‌బాల్ ఆడతానంటున్నాడు. ఒక అకాడమీ యాభై వేలు అడుగుతోంది. అప్పు చేసి కట్టనా?

జవాబు: అప్పు చేయకండమ్మా. ఆటనూ ఆపకండి. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ ఊరిదే. నేటికీ రైల్వే, పోలీసు శాఖల ఉద్యోగాల్లో క్రీడల కోటా ఉంది. అందుకు చదువూ తప్పనిసరి. కాబట్టి బడి మానిపించవద్దు.

ముందు బడి జట్టులో ఆడించండి. ప్రతి పోటీ సర్టిఫికెట్ దాచండి. అకాడమీకి గుర్తింపు, కోచ్‌కు లైసెన్సు ఉన్నాయో రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘంలో అడగండి. డబ్బు కడితే సెలక్షన్ ఖాయమన్నవారిని నమ్మకండి.

ఆటలో మోకాలు వాచి, ఆ వాపు తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి. కోచ్ బాబును కొట్టినా, వేధించినా వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.