ఒక ఆటగాడు, మూడు వాక్యాలు

2021-22 సీజన్‌లో మన జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ 43 పాయింట్లతో ఐఎస్‌ఎల్ లీగ్ షీల్డ్ గెలిచింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన గ్రెగ్ స్టీవర్ట్ 10 గోల్స్ కొట్టాడు, మరో 10 గోల్స్‌కు బంతి అందించాడు. గోల్డెన్ బాల్ అతనికే దక్కింది. కరోనా వల్ల ఆ ఏడు మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. మనం టీవీలో చూసి మురిసిపోయాం. మరుసటి సీజన్‌లో ఆట మన జె.ఆర్.డి. టాటా మైదానానికి తిరిగొచ్చేసరికి స్టీవర్ట్ ముంబై సిటీ జట్టులో ఉన్నాడు! షీల్డ్ ముంబైకి, పదో స్థానం మనకు.

ఈ సంగతిని అభిమానులు ఎలా చెబుతారో గమనిద్దాం.

"క్లబ్బు అతన్ని వదులుకుంది."
"అతను మనల్ని వదిలేశాడు."
"ఒప్పందం ముగిసింది."

మొదటి రెండింటిలో ధాతువు ఒకటే. కర్త మారగానే కోపం కూడా చోటు మారింది. 'వదులుకుంది'లో ఉన్న 'కొను' నష్టం క్లబ్బుదేనని కూడా చెబుతోంది. మూడో వాక్యంలో మనుషులే లేరు. అది నిజమే అయినా, అభిమానికి చప్పగా ఉంటుంది.

నాన్నగారి బదిలీతో వెళ్ళిపోయిన స్నేహితుణ్ణి "వదిలేశాడు" అని మనం నిందించం. అతనే రీజినల్ పోటీల్లో వేరే స్కూలు తరఫున మనమీద గోల్ కొడితే? అప్పుడు మీరు రాసే వాక్యానికి కర్త ఎవరు?